హృచ్ఛూల : దాని హేతువులును, హెచ్చరికలును

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై నాకు సాహిత్యవిషయమే యొసగుట మన కార్యవర్గమువారి వాడుక. ఈ యేడు మాత్రము నేనే కార్యదర్శిగారిని ప్రార్థించి ఈ విషయమును గోరితిని. నేను వైద్యుడను గాను. ముప్పదియైదు వత్సరములు ఉన్నతపాఠశాలలయందు సంధులును సమాసములును బోధించి విశ్రాంతి గొన్న పండితుడను. అట్టివాడు గుండెనొప్పిని గూర్చి ప్రసంగించుట యేమని మీకు దోపవచ్చును. దీనియందు నాకు రెండు అధికారములు గలవు. ఈ వ్యాధి నాకు గలదు, ఇది మొదటిది. ఈ వ్యాధిని గుర్తింపలేక నా తమ్ముని బోగొట్టుకొంటిని, ఇది రెండవది. నేను చదివి వ్రాసికొన్నదానిని వైద్యమిత్రులకు జూపి, వారు దోషములు దిద్దిన పిదపనే మీ యెదుట నిలిచితిని.

ముందుగా తమ్ముని మాట చెప్పెదను. 2014వ సంవత్సరము మాఘమాసమున మా చెల్లెలి కుమార్తె వివాహము జరిగెను. తెల్లవారుజామున నాలుగు గంటలకు ముహూర్తము. పెండ్లికూతును గంపలో గూర్చుండబెట్టి మేనమామలు పీటలయొద్దకు గొనివచ్చుట మన యాచారము గదా. నేనును నా తమ్ముడును ఆ గంప నెత్తి తెచ్చితిమి. గంప దింపినది మొదలు వాని మొగము వన్నె మారెను. పందిటి గుంజకు జేరగిలి కూర్చుండి, “అన్నయ్యా, ఱొమ్ముమీద బండ పెట్టినట్లున్నది” అనెను. మాఘమాసపు చలిలో వాని నుదుట చెమటలు గ్రమ్మెను. ఎడమచేతిని మాటిమాటికిని పిసుకుకొనుచుండెను. నేను చదువుకొన్నవాడను గావున వెంటనే నిర్ణయించివేసితిని: “రాత్రి బూరెలు తిన్నావు, అది గాలి.” వామును ఉప్పును నలిపి పెట్టితిని, పిమ్మట సోడా త్రాగించితిని. త్రేన్పు వచ్చెను, ఇరువురమును సంతసించితిమి. “ముహూర్తము కానిమ్ము అన్నయ్యా, అక్కయ్యతో చెప్పకుము” అని వాడు నన్ను వేడుకొనెను. నేను చెప్పలేదు. తలంబ్రాలైన పిదప చూతును గదా, వాడు నేలపై బండుకొని యున్నాడు. నొప్పి పుట్టిన మూడు గంటలకు కారులో బట్టణమునకు బయలుదేరితిమి. సగము దారిలో వాని యూపిరి నిలిచినది. వాని వయస్సు ఏబదియొక్క సంవత్సరములు.

పిమ్మట నొక వైద్యులు నాతో మృదువుగానే చెప్పిరి: మొదటి గంటలోనే తెచ్చియున్నచో బ్రదుకుటకు మంచి యవకాశ ముండెడిదని. ఆ మాట నాటినుండి నన్ను విడువలేదు. వాము పెట్టిన చేయి నాది. అందుచేతనే యీ ప్రసంగము.

ఇక విషయమునకు వత్తము. బృహదారణ్యకోపనిషత్తు హృదయశబ్దమును మూడక్షరములుగా విడదీసి, మొదటిదానియందు తెచ్చుటను, రెండవదానియందు ఇచ్చుటను, మూడవదానియందు పోవుటను జూపినది. ఋషి యుద్దేశించినది బ్రహ్మతత్త్వము గాని శరీరశాస్త్రము గాదు. ఐనను బాలురకు రక్తప్రసరణమును బోధించుటకు ఇంతకంటె సులభమైన సూత్రము నాకు దొరకలేదు. పిడికిలంతటి యీ కండరము దేహమునుండి రక్తమును దెచ్చుకొనును, మరల నిచ్చును, ఎడతెగక నడచును. విశ్రాంతిలో నున్నప్పుడు నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును ద్రోయును. దినమునకు సుమారు లక్షమారులు కొట్టుకొనును.

అందఱకు నన్నము పెట్టు నీ యిల్లాలు తా నెప్పుడు భుజించును? మహాధమని పుట్టినచోటనే రెండు చిన్న ధమనులు చీలి, కిరీటమువలె గుండెను జుట్టుకొని దానికి రక్తము నిచ్చును. వీనిని హృద్ధమనులందము. తక్కిన యవయవములకు గుండె ముడుచుకొనునప్పుడు రక్తము పోవును. గుండెకు, ముఖ్యముగా దాని యెడమభాగమునకు, అది సడలి విశ్రమించునప్పుడే రక్త మధికముగా నందును. ఇల్లాలు అందఱకు వడ్డించి, రెండు వడ్డనల నడుమ దొరకిన విరామమున రెండు ముద్దలు దినునట్లే యిదియును. వేగముగా నడచినను, బరువెత్తినను, కోపించినను ఆ విరామము తగ్గును, ఆకలియో హెచ్చును. మఱియొక విశేషము గలదు. తక్కిన కండరములు విశ్రాంతివేళ తమ కందిన ప్రాణవాయువులో గొంతభాగమునే గ్రహించి, మిగిలినదానిని నిలువ యుంచుకొనును. గుండె యట్లు గాదు. విశ్రాంతిలోనే మూడింట రెండుపాళ్లకు బైగా గ్రహించివేయును. కావున అవసరము హెచ్చినప్పుడు రక్తమే యధికముగా రావలెను. ధమని యిరుకైనచో నది రాజాలదు. ఆ కొఱతవలన గండరము పెట్టు మొఱయే హృచ్ఛూల.

ఈ కండరము పని చేయుటకు వలయు శక్తి ఏ.టి.పి. యను పదార్థమునుండి కలుగును. 1929లో దానిని గనుగొన్నవారిలో నొకరు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేగారితో గూడి వారు చేసిన కృషి యది. అదే యేట జర్మనీదేశమున లోమాన్ గారును దానిని స్వతంత్రముగా గనిరి. కండరపు శక్తిమూలమును లోకమునకు జూపిన యా తెలుగు మహనీయుడు 1948 ఆగస్టులో, 53వ యేట, అమెరికాలో గుండె నిలిచి నిద్రలోనే గతించిరి. విద్యయు, కీర్తియు ఈ వ్యాధికి అడ్డుగోడలు గావని దీనివలన దెలియుచున్నది.

ఈ నొప్పి మన పూర్వులకు దెలియనిది గాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున హృచ్ఛూల యను పేరే యున్నది. ఊపిరి నడ్డగించు నొప్పిగా దానిని వర్ణించిరి. చరకసంహిత శిరస్సును, హృదయమును, వస్తిని ప్రధానమర్మములుగా నెంచినది. పడమటిదేశముల 1768లో విలియం హెబర్డెన్ అను లండను వైద్యుడు, నడచునప్పుడు, అందును ఎత్తెక్కునప్పుడును భోజనానంతరమునను ఱొమ్మున బుట్టి, నిలువబడినతోడనే మాయమగు నొప్పిని వర్ణించి, దానికి ఆంజైనా యని పేరిడెను. ఆ లాటినుమాటకు ఉక్కిరిబిక్కిరిగా నొక్కుట యని భావము. ఆ కాలముననే జాన్ హంటర్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యునకు ఈ వ్యాధి యుండెను. తనకు గోపము దెప్పింపగల ప్రతివాని చేతిలోను తన ప్రాణమున్నదని యాయన యనుచుండెడివాడట. 1793లో ఆసుపత్రి సమావేశమున వాదము పెరుగగా ఆయన యక్కడనే కూలి మరణించెను. సంఘసమావేశములయందు ఉచ్చస్వరమున వాదించు మిత్రులు ఈ వృత్తాంతమును జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ధమని యేల యిరుకగును? పంటకాలువలో పూడిక పేరుకొనునట్లని సాధారణముగా జెప్పుదురు. ఆ పోలిక సగమే నిజము. పూడిక కాలువ యడుగున బడును. ఈ క్రొవ్వు ధమని గోడలోపల, గట్టులో నీరుచెమ్మవలె, యౌవనమునుండియే మెల్లమెల్లగా జేరును. పై పొర గట్టిగా నున్నంతకాలము ధమని యిరుకగునే గాని తెగదు. ఆ పొర యొకనాడు చిట్లినచో, గాయమైనదని రక్తము భ్రమించి యక్కడ గడ్డకట్టును. నిన్నటివరకు సగము తెఱచియున్న ధమని నిమిషములలో బూర్తిగా మూసికొనిపోవచ్చును. కావుననే, “మొన్ననే పరీక్ష చేయించితిని, బాగున్నదనిరి” అను ధైర్యము నేటి నొప్పికి సమాధానము గాజాలదు.

దీనిని బట్టి హృచ్ఛూలను మూడు దశలుగా దెలిసికొనవచ్చును. శ్రమించినప్పుడు వచ్చి, విశ్రమించిన కొన్ని నిమిషములలో దగ్గునది మొదటిది. ఇది యిరుకైన ధమని గుర్తు. క్రొత్తగా వచ్చినదియు, తక్కువ శ్రమకే వచ్చుచు నానాటికి హెచ్చునదియు, కూర్చుండినను పండుకొన్నను వచ్చునదియు రెండవది. ఇది పొర చిట్లుచున్నదను హెచ్చరిక. దీనికి రేపటి వఱకు గడువు లేదు. ధమని మూసికొని కండరము చచ్చుట మూడవది; దీనినే గుండెపోటందుము. రక్తము నిలిచిన యరగంట మొదలు కండరము నశింపసాగి, కొన్ని గంటలలో చాలభాగము పోవును. పోయినది మరల బెరుగదు. గడియారమే యిచ్చట ప్రధానవైద్యుడు.

ఈ నొప్పి స్వరూప మెట్లుండును? పొడిచినట్లుండునని యందఱును దలంతురు. చాలమందికి నది పోటు గాదు. బరువు, బిగింపు, మంట. ఱొమ్ము నడుమ బుట్టి ఎడమచేతికో, రెండుచేతులకో, మెడకో, దవడకో, వీపునకో ప్రాకవచ్చును. కడుపు పైభాగముననే నిలిచి అజీర్ణమువలె మోసగింపవచ్చును. చెమట, ఆయాసము, వాంతి, చెప్పనలవిగాని భయము తోడగును. స్త్రీలకును, వృద్ధులకును, మధుమేహము గలవారికిని నొప్పి స్పష్టముగా లేక, ఆయాసమో, నీరసమో, వికారమో మాత్రమే యుండవచ్చును. సోదరీమణులారా! ఇంటిల్లిపాది భోజనమైన పిదప జెప్పుదమని మీరు దాచు నీరసమును గూర్చియే నేను మనవి చేయుచున్నాను.

ఱొమ్మునొప్పి యెల్ల గుండెజబ్బు గాదు. కండరము పట్టుటవలనను, పులితేన్పులవలనను, ఊపిరితిత్తుల పొర వాపువలనను వచ్చును. రక్తహీనతయు, గుండె కవాటపు టిరుకును గూడ హృచ్ఛూలను గలిగింపవచ్చును. మహాధమని గోడ చీలుట, ఊపిరితిత్తులకు రక్తపుగడ్డ పోవుట యనునవి గుండెపోటువలెనే ప్రాణాంతకములు. ఏది యేదో తేల్చవలసినవాడు వైద్యుడు. పందిటిలోని పెద్దన్నగారు గాదు. త్రేన్పు వచ్చి కొంత సుఖమనిపించినంతమాత్రమున గుండె నిర్దోషి యని తీర్పు చెప్పరాదు. మొదటి ఇ.సి.జి. సరిగా నున్నను, నొప్పి తగ్గనిచో మరల దీయుటయు, రక్తములో ట్రోపోనిన్ పరీక్ష చేయుటయు నందుకే.

ఇప్పుడు నా సంగతి. 2019లో మంగళగిరి పానకాలస్వామివారి కొండమెట్లు ఎక్కుచుండగా నా ఱొమ్ము నడుమ నేదో బిగిసికొన్నట్లయ్యెను. కూర్చుంటిని, మూడు నిమిషములలో బోయెను. మరల నెక్కితిని, మరల వచ్చెను. నా వెంటనున్న మనుమడు, “తాతయ్యా, దర్శనము చేసికొని పోదము, ఎంతో దూరము లేదు” అనెను. స్వామి యెక్కడికిని బోడని వానికి జెప్పి, మెల్లగా దిగి, ఆ సాయంకాలమే వైద్యుని జూచితిని. యాంజియోగ్రామ్ తీయగా నొక ధమని నూటికి ఎనుబదిపాళ్లు మూసికొనియుండెను. స్టెంటు వేసిరి. ధమనిలో బుడగ నుబ్బించి దారి చేయు నీ పద్ధతిని 1977లో జూరిక్ నగరమున గ్రుంట్‌జిగ్ గారు మొదట మనుష్యునకు జేసిరి. తమ్ముడును నేనును ఒక తల్లి బిడ్డలము. వాని నొప్పికిని నా నొప్పికిని భేదము కొంత యుండవచ్చును. కాని నా నొప్పిని నేను నమ్మితిని, వాని నొప్పిని నమ్మలేదు. అదియే ముఖ్యభేదము.

నా జేబులో నెప్పుడును నాలుకక్రింద నుంచుకొను మాత్రల చిన్నసీసా యుండును. ఆ జాతి మందులలో మొదటిది నైట్రోగ్లిసరిన్. కొండలను బగులగొట్టు డైనమైటులోని ద్రవ్యమే. 1879లో మురెల్ అను లండను వైద్యుడు దానిని హృచ్ఛూలకు వాడి ఫలితములు బ్రకటించెను. డైనమైటు నిర్మాత నోబెల్ గారికే తుదిదినములలో వైద్యులు దీనిని విధించిరి. ఇది రక్తనాళముల నెట్లు సడలించునో తెలిపిన పరిశోధనకు 1998లో ఆయన పేరిటి బహుమానమే లభించినది. ఈ మాత్ర కూర్చుండి వేసికొనవలెను. నిలువబడినచో తలతిరిగి పడుదురు. ఒకరి మాత్ర నింకొకరు వేసికొనరాదు.

నొప్పి వచ్చినచో జేయవలసినవి నాలుగు. పనిని విడిచి కూర్చుండుడు. అయిదు నిమిషములలో దగ్గనిచో, లేదా చెమటయు నాయాసమును దోడైనచో, వెంటనే 108కి ఫోను చేయుడు. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశమున నారంభమైన యీ సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములందును గలదు. వైద్యుడో, 108వారో చెప్పినచో, ఆస్పిరిన్ పడనివారును రక్తస్రావవ్యాధి గలవారును దప్ప తక్కినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమలి మ్రింగవలెను. రోగి తానే బండి నడుపుకొని పోరాదు. ఇ.సి.జి. తీయగల యాసుపత్రికే పోవలెను. గడ్డను గరగించు సూదిమందు చాల చిన్నపట్టణములలో గూడ దొరకును. మనిషి స్పృహతప్పి యూపిరి నిలిచినచో, ఱొమ్ము నడుమ రెండుచేతులతో, నిమిషమునకు 100 నుండి 120 మారులు, అయిదు సెంటీమీటర్ల లోతున, సహాయము వచ్చువఱకు నొక్కుచుండవలెను. ఆనాడు కారులో నలుగురముంటిమి. ఈ విద్య యొక్కనికిని రాదు.

ఇక హేతువులు. సుబ్బారావుగారు గతించిన 1948లోనే అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అను పట్టణమున 5,209 మందిని ఏండ్లతరబడి పరిశీలించుట యారంభమైనది. రక్తపోటు, కొలెస్టరాల్, పొగాకు, మధుమేహము ఈ వ్యాధికి దారితీయునని దానివలన రూఢియైనది. 52 దేశములలో జరిపి 2004లో బ్రకటించిన మఱియొక పరిశోధన నడుము లావును, వ్యాయామము లేకుండుటను, పండ్లు కూరగాయలు తినకుండుటను, మనోవ్యథను వీనికి జేర్చినది. ఆ పరిశోధనలోనే మన దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు సగటున 53వ యేట, తక్కినవారికి సుమారు 59వ యేట వచ్చుచున్నట్లు తేలినది. అనగా మన గడువు ఆఱేండ్లు తక్కువ.

చుట్టయు, బీడీయు, సిగరెట్టును, నమలు పొగాకును విడుచుటకంటె మేలైన మందు లేదు. పొగ విడిచిన యేడాదిలోనే యపాయము సగమునకు దగ్గుచు వచ్చును. ఉప్పు దినమునకు మనిషికి 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి మాట. మన విస్తరిలో ఆవకాయ, అప్పడము, వడియము, ఊరమిరప కాయ నాలుగును జేరినచో నేమి మిగులును? కాచిన నూనెనే మరల మరల కాచుట మానవలెను. దినమునకు అరగంట నడువవలెను. రక్తపోటు మందు తలనొప్పి లేదని మానరాదు. రక్తపోటు చాలమందికి నొప్పి పెట్టదు, అందువలననే యది మోసగించును.

తుద కొక్క ముఖ్యవిషయము. మనము గోత్రప్రవరలను గంఠస్థముగా జెప్పగలము. ఏడుతరముల పేళ్లు వ్రాసియుంచిన కుటుంబములు మన సంఘమున గలవు. కాని తాతగారు ఏ వ్యాధిచే, ఏ వయస్సున గతించిరని యడిగినచో, “హఠాత్తుగా పోయిరి, పుణ్యాత్ములు” అందుము. మా తండ్రిగారును ఏబదినాలుగవ యేట అట్లే “హఠాత్తుగా” పోయిరి. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏండ్లలోపున, తల్లికో అక్కచెల్లెండ్రకో 65 ఏండ్లలోపున గుండెజబ్బు వచ్చినచో, బిడ్డల కపాయము హెచ్చని వైద్యుల సిద్ధాంతము. ఆ హఠాత్తను మాట క్రింద మాకు గావలసిన హెచ్చరిక యంతయు దాగియుండెను, మేము చదువలేదు. వంశవృక్షము వ్రాయువారు ఇకమీద ప్రతి పేరుప్రక్కను మరణకాలపు వయస్సును, వ్యాధిని గూడ వ్రాయుదురుగాక. అది వంశమున కపకీర్తి గాదు. మనుమలకు వ్రాసియిచ్చు వీలునామా.

పోషకులకు నా మనవులు మూడు. మన వసతిగృహమునందును కల్యాణమండపమునందును రక్తపోటు చూచు సాధనము నొకదానిని నుంచి, నెలకొకనాడు ముప్పదియేండ్లు దాటినవారి కందఱకు ఉచితముగా జూపించుట. ప్రతి శాఖనుండి పదుగురు యువకులకును యువతులకును ఱొమ్ము నొక్కి ప్రాణము నిలుపు విద్యను నేర్పించుట. ప్రతి వివాహమునందును, వంటకు పురోహితునకు నొకరిని నియమించునట్లే, అవసరమైనచో వాహనము నడిపి యాసుపత్రికి గొనిపోవుట కొక బాధ్యుని ముందుగా నియమించుట. మొదటిదానికి నా తమ్ముని పేర నేను పదివేల రూపాయలు ఈ సభలోనే కోశాధికారిగారికి సమర్పించుచున్నాను.

నొప్పి మన శత్రువు గాదు; అది దూత. దూతను జంపరాదని రాజధర్మము. వామునీళ్లతో దానిని మాటాడనీయక పంపివేయుటయు నొకవిధమగు వధయే. ముహూర్తము తప్పినచో నింకొకటి దొరకును. మీలో నెవ్వరికైనను ఱొమ్మున బండ పెట్టినట్లున్నచో, మంగళవాద్యము నడుమనైనను లేచి, గట్టిగా జెప్పుడు. విన్నవారు వెంటనే కదలుడు.